రెండు రకముల తూకపు రాళ్లు

ధ్యాన భాగములు: సామెతలు 20:10, లూకా 19:1–10



మేము సోనేపూరు సంఘమువారము. సూరత్ మగ్గాల దగ్గర, చెన్నై కట్టడపు పనుల్లో, విశాఖలో ఉన్న మనవారిని ప్రతి ఆదివారము ప్రార్థనలో జ్ఞాపకము చేసుకొనుచున్నాము.

2023 డిసెంబరులో మన ఒడిశాలోనే, బలంగీరు మొదలైన చోట్ల, ఆదాయపు పన్ను శాఖవారు ఒక సారాయి కంపెనీ మీద సోదాలు జరిపినప్పుడు సుమారు 351 కోట్ల రూపాయల నోట్లు దొరికినవి. యంత్రములు పెట్టి రోజుల తరబడి లెక్కించారు. ఆ కంపెనీ అప్పటి రాజ్యసభ సభ్యుడు ధీరజ్ ప్రసాద్ సాహు కుటుంబమువారిది. ఆ డబ్బు తనది కాదని, కుటుంబ వ్యాపార సంస్థలదని ఆయన చెప్పారు. మా అరుగు మీద టీవీ చూస్తున్నవారు మాత్రము అక్కడికక్కడే తీర్పు చెప్పేశారు. ఒకాయన ఉరి అన్నాడు.

ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట లేనిదే ఏ నేరమూ స్థిరపడకూడదని ద్వితీయోపదేశకాండము 19:15 బోధించుచున్నది. అది ధనవంతునికి కూడా చెందిన మాటే. బీదవాడని జాలిపడి గాని, గొప్పవాడని మొగమాటపడి గాని అన్యాయపు తీర్పు తీర్చవద్దని లేవీయకాండము 19:15 హెచ్చరిక. రెండూ ఒకే వచనములో ఉన్నవి చూడండి.

అయినా ఆ అరుగు మీది కోపములో న్యాయము లేదని నేననను. ఒంటి సబ్బు మీద 2017 జూలై నుండి 2025 సెప్టెంబరు వరకు 18 శాతము పన్ను ఉండేది, తరువాత 5 శాతము చేశారు. వల లాగేవాడు సబ్బు కొన్న క్షణములోనే కట్టేశాడు. అతనికి దాచే అవకాశమే లేదు, వాయిదా అడిగే వీలూ లేదు.

నేను ఉపాధ్యాయ శిక్షణ పొంది, బడిలో జీవితము గడిపినవాడను. పిల్లవాడు తనకు దెబ్బ పడినందుకు అంతగా ఏడవడు. అదే తప్పు చేసిన ప్రెసిడెంటుగారి అబ్బాయికి పడనందుకు ఏడుస్తాడు.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టములో 276సి అను సెక్షను ఉండేది. బుద్ధిపూర్వకముగా 25 లక్షలకు మించి ఎగవేయ చూచినవానికి ఆరు నెలలు మొదలు ఏడేండ్ల వరకు కఠిన కారాగారము. రుసుము కట్టి కేసును రాజీ చేసుకొనే దారి కూడా ఆ చట్టములోనే ఉండేది. ఆ దారిన ఎవరు నడువగలరో చెప్పనక్కరలేదు.

1997లో ప్రభుత్వము దాచిన ఆదాయమును స్వచ్ఛందముగా చెప్పుకొమ్మని ఒక పథకము పెట్టినది. వ్యక్తులు 30 శాతము కడితే చాలు. వడ్డీ లేదు, జరిమానా లేదు, కేసు లేదు. ఆ ఏడు నిజాయితీగా కట్టిన పెద్ద ఆదాయపరుని గరిష్ఠ రేటు కూడా 30 శాతమే! 2016లో మరల పెట్టినప్పుడు 45 శాతము చేశారు. 64,275 మంది 65,250 కోట్లు బయటపెట్టినట్లు ఆ అక్టోబరులో ప్రకటించారు.

మోషే ధర్మశాస్త్రము ఈ విషయములో ఎంత సూక్ష్మముగా ఉన్నదో గమనించండి. తానుగా తప్పు ఒప్పుకొన్నవాడు తీసుకొన్నదంతా ఇచ్చి, దాని మీద ఐదవ వంతు కలపవలెను (సంఖ్యాకాండము 5:6–7). గొఱ్ఱెను దొంగిలించి అమ్మినవాడు నాలుగు ఇవ్వవలెను (నిర్గమకాండము 22:1). ఒప్పుకొన్నవానికి కనికరము ఉన్నది, ఉచితము మాత్రము లేదు.

ఇప్పుడు జక్కయ్య దగ్గరకు రండి. అతనిని ఎవరూ పట్టుకొనలేదు. ఏ సోదా జరుగలేదు. ఐదవ వంతు కలిపి ఇచ్చి ఊరుకొనవచ్చును. అతడు పన్ను ఎగవేసినవాడు కాడు, ఎక్కువ గుంజినవాడు. అయినా దొంగకు చెప్పిన నాలుగింతల శిక్షను తనకు తానే వేసుకొన్నాడు. రక్షణ ఆ ఇంటికి వచ్చినదని ప్రభువు చెప్పినది అప్పుడే.

మన కాలములో దీనికి దగ్గరగా వచ్చినది జర్మనీలో జరిగినది. బయెర్న్ మ్యూనిక్ ఫుట్‌బాల్ క్లబ్బు అధ్యక్షుడు ఉలి హోనెస్ 2 కోట్ల 85 లక్షల యూరోల పన్ను ఎగవేసినందుకు 2014లో మూడున్నర ఏండ్ల జైలు పడినది. తానే వెళ్లి ఒప్పుకొన్నాడు గాని, ఆ ఒప్పుకోలు అసంపూర్ణమని కోర్టు అంగీకరించలేదు. అతడు అప్పీలుకు పోలేదు, పదవి విడిచి జైలుకు వెళ్లాడు. 2016లో విడుదలైన తరువాత సభ్యులు అతనినే మరల అధ్యక్షునిగా ఎన్నుకొన్నారు. శిక్ష అనుభవించినవానిని జీవితాంతము వేలెత్తి చూపుట కూడా న్యాయము కాదు గదా.

ఇక మా సంగతి. నిరుడు మందిరపు రేకులు, ఇనుము కొనుటకు బరంపురము వెళ్లినాము. బిల్లు వద్దంటే పన్ను మిగులుతుందని దుకాణదారుడు అన్నాడు. దేవుని పనికే కదా అని పెద్దలము ఒప్పుకొన్నాము. నేనూ తల ఊపాను. ఆ నెల కూటములోనే, వేట నిషేధపు రోజుల్లో చందా కట్టలేకపోయిన ఒక సహోదరుని పేరు ఓటు జాబితానుండి తీసివేశాము. దానికి చెయ్యెత్తినవారిలోనూ నేనున్నాను. ఒకే చేతిలో రెండు రాళ్లు.

ఆ సహోదరుడు ఏమీ అనలేదు. వెనుక చాప మీద కూర్చుని పాట అందుకొన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వచ్చే నెల వ్యవహారముల కూటములో ఈ రెండు సంగతులు నేనే పెట్టుచున్నాను. రేకులకు బిల్లు వ్రాయించి పన్ను కట్టవలెను, దాని మీద ఐదవ వంతు పెద్దలము మా జేబులనుండి వేయవలెను, సంఘపు పెట్టెనుండి కాదు. ఆ సహోదరుని పేరు జాబితాలో తిరిగి వ్రాయవలెను. ఒకరిద్దరు పెద్దలకు ఇది ఇష్టము లేదు. సెలవులకు ఊరు వచ్చినవారు తప్పక కూటమునకు రండి.