సారా అంగడి, శోధన

పాపానికి క్షమాపణ ఒక్క క్షణంలో దొరుకుతుందనీ, అలవాటు మాత్రం ఏళ్ల తరబడి పీడిస్తుందనీ క్రైస్తవ బోధకు తెలుసు. ప్రార్థన కూటాల్లో తరచూ ఈ రెండూ కలగాపులగమైపోతాయి. ఆదివారం సాక్ష్యం చెప్పినవాడు బుధవారం మళ్లీ తాగితే, అసలు మారుమనస్సే అబద్ధమని గుసగుసలు మొదలవుతాయి. అతను ప్రభు భోజనపు బల్లకు దూరమవుతాడు. ఆ తర్వాత మొహం చెల్లక చర్చికే రాడు.

నెల్లూరు జిల్లాలో, పెన్నా ఒడ్డున సంగంలో ఒక సంఘకాపరీ, ఒక బడి మాస్టారూ ఈ సంగతి తర్కించుకుంటున్నారనుకుంటే, మాస్టారి మొదటి అభ్యంతరం సొంత జిల్లాలోనే దొరుకుతుంది.

“అయ్యగారూ, ఇక్కడ తాగుడిని ఓడించింది ప్రార్థనలా? దూబగుంట ఆడవాళ్లు కదా!”

మాట నిజమే. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో రాత్రిబడులకు వెళ్లిన ఆడవాళ్లు తమ ఇళ్ల గోడు వాచకంలో చదువుకున్నారు. 1990ల మొదట్లో రోశమ్మ అనే ఆవిడా, తోటి ఆడవాళ్లూ దూబగుంటలో సారా అంగడి మూయించారు. ఉద్యమం ఊరూరా పాకింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అంగడి ముందు కూర్చున్నవాళ్లను ఏ మతమని ఎవరూ అడగలేదు.

కాపరి దీన్ని కాదనడు. “ప్రభువు నేర్పిన ప్రార్థనలో మేం అడిగేదీ అదే మాస్టారూ. శోధనతో పోరాడే బలం ఇమ్మని అందులో లేదు, అసలు శోధనలోకే తేవద్దని ఉంది. అంగడి మూయించినవాళ్లు ఆ ప్రార్థనలో సగం పని చేసిపెట్టారు.”

మిగతా సగం సంగతి మద్యనిషేధం సడలాక తెలిసింది. 1995 జనవరి 16న మొదలైన సంపూర్ణ మద్యనిషేధం 1997లోనే సడలిపోయింది. చట్టం కాపలా చట్టం ఉన్నన్నాళ్లే. అంగడి మళ్లీ తెరిచిన నాడు మనిషిని ఆపేది ఏమిటన్నదే విశ్వాసానికి ఎదురయ్యే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నను క్రైస్తవ వేదాంతి అగస్టీన్ కన్నా లోతుగా తవ్వినవారు తక్కువ. ఆయన్ను పట్టుకున్నది తాగుడు కాదు, కామం. 386లో మిలాన్‌లో మనసు మారేదాకా తాను పడిన పెనుగులాటను ‘కన్ఫెషన్స్’ ఎనిమిదో భాగంలో రాసుకున్నాడు. వంకరపోయిన సంకల్పం కోరికగా, లొంగిన కోరిక అలవాటుగా, ఎదిరించని అలవాటు చివరికి తప్పనిసరిగా మారుతుందని ఆయన విశ్లేషణ. మంచేదో తెలుసు, చెయ్యాలనీ ఉంది, చేతకాదు. రోమా పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు మొరపెట్టుకున్నదీ ఇదే. కృప లేనిదే ఈ ముడి వీడదని అగస్టీన్ తేల్చాడు. మనిషి తలచుకుంటే పాపం మానగలడన్న పెలాగియస్ వాదాన్ని 418లో కార్తేజ్ సభ ఖండించింది.

మాస్టారు పెలాగియస్ పక్షం. “చేతకాదని ముందే ఒప్పుకున్నవాడు ఇక ప్రయత్నం ఏం చేస్తాడండీ?”

అభ్యంతరం గట్టిదే. అనుభవం మాత్రం దానికి ఎదురుగా ఉంది. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే తాగుడు మానేవాళ్ల కూటమి మూలాలు ఒక క్రైస్తవ సహవాసంలో ఉన్నాయి. మద్యం ముందు తాము అశక్తులమని ఒప్పుకోవడమే అందులో తొలిమెట్టు. అలా ఒప్పుకున్నవాళ్లు ఊరికే కూర్చోలేదు. కూటాలకు వెళ్లారు, తప్పులు బయటపెట్టుకున్నారు, సాటి తాగుబోతుకు తోడు నిలిచారు. అంతకు దాదాపు రెండు శతాబ్దాల ముందే మెథడిస్టు విశ్వాసులను జాన్ వెస్లీ సుమారు పన్నెండుమంది చొప్పున చిన్న తరగతులుగా కూర్చి, వారం వారం కలిసేలా చేశాడు.

“అయితే మార్చింది మనుషులే కదా. దేవుడి పనేముంది?”

“పడ్డవాడిని లెక్క అడక్కుండా మళ్లీ చేర్చుకోవడం. ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురుకే ప్రభువు మంద అప్పగించాడు. మనుషులకు అంత ఓపిక తమంతట రాదు మాస్టారూ.”

నాస్తికుడికి ఈ జవాబు చాలకపోవచ్చు. విశ్వాసికి మాత్రం ఇందులో ఆచరణ కనిపిస్తుంది. నిన్నగాక మొన్న మానినవాడి చేత వేదిక మీద సాక్ష్యం చెప్పించకూడదు. మళ్లీ తాగితే కొత్తగా రక్షణ పొందమని బెదిరించకూడదు. ఇంకొకటి, ఉపవాస కూటాలవాళ్లు తరచూ మరిచేది: ఏళ్లుగా విపరీతంగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. అలాంటివాణ్ని ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రార్థన అక్కడైనా చేయవచ్చు.

ఇదంతా మాస్టారు ఒప్పుకుంటారు. పడి లేచి వచ్చినవాడికి మీ సంఘం బల్ల దగ్గర చోటు ఉంచుతుందా అని మాత్రం అడుగుతారు. అందుకు కాపరి దగ్గర వాక్యం ఉంది. సంఘం తరఫున హామీ మాత్రం ఆయన ఇవ్వలేడు.