బడి, కాన్వెంటు, తల్లి ఖాతా: నంద్యాల - ఆళ్ళగడ్డ ప్రాంతం నేపథ్యంగా పాఠశాల విద్యలో న్యాయప్రశ్న

తెలుగు వాడుకలో ‘కాన్వెంటు’ అన్న మాటకు క్రైస్తవ సన్యాసినుల మఠంతో సంబంధం తెగిపోయి చాలాకాలమైంది. ఫీజు తీసుకొని ఇంగ్లీషులో చదువు చెప్పే ప్రైవేటు పాఠశాల ఏదైనా కాన్వెంటే. దానికి ఎదురుగా నిలిచేది ‘గవర్నమెంటు బడి’. ఒకప్పుడు ‘బడి’ అన్న ఒక్క మాటే సరిపోయిన చోట ఇప్పుడు విశేషణం అవసరమైంది. ‘ఫీజు’ స్థిరపడక ముందు పిల్లలు చదువుకు కట్టే సొమ్మును ‘జీతం’ అనేవారు. ఆ మాటలో డబ్బు పుచ్చుకొనే పంతులు బతుకు కనబడుతుంది. ‘ఫీజు’లో కనబడేది చెల్లించేవాని స్తోమత మాత్రమే. ఈ చిన్న అర్థవిపరిణామం వెనుక ఒక నైతిక ప్రశ్న ఉంది. చదువు సమాజం పిల్లవానికి చెల్లించవలసిన బాకీయా, తల్లిదండ్రులు కొనుక్కోవలసిన సరుకా?

కర్నూలు - చిత్తూరు జాతీయ రహదారి మీద నంద్యాలకూ ఆళ్ళగడ్డకూ మధ్య దూరం దాదాపు నలభై కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన నంద్యాల అంతకుముందే చదువుల బజారు. బ్యాంకు ఉద్యోగాల శిక్షణకు రాష్ట్రమంతటా పేరున్న ఊరు. రాతిశిల్పానికి పేరుపడ్డ ఆళ్ళగడ్డ అంతకంటె చిన్న పట్టణం. ఉదయంపూట ఈ దారిలో రెండు ప్రయాణాలు ఎదురెదురుగా సాగుతాయి. పట్నంలో కాపురమున్న ప్రభుత్వోపాధ్యాయులు పల్లెబడులకు వెళ్తుంటారు. పల్లెపిల్లలను ఎక్కించుకొన్న పసుపుపచ్చ బస్సులు పట్నానికి వస్తుంటాయి. ఈ దృశ్యంలో ఎవరినైనా దోషిగా నిలబెట్టడం తేలిక. తల్లిదండ్రులది ఇంగ్లీషు వ్యామోహమనీ, ఉపాధ్యాయులది నిర్లక్ష్యమనీ, యాజమాన్యాలది లాభాపేక్ష అనీ చెప్పుకోవడం అలవాటైపోయింది. వ్యక్తుల గుణదోషాలను పక్కనపెట్టి, రాజ్యం తన కర్తవ్యాన్ని ఏ రూపంలోకి మార్చుకొన్నదో పరిశీలించడం ఇక్కడ ఉద్దేశం.

బాకీ, సరుకు

చదువుకు డబ్బు చెల్లించడం కొత్త సంగతేమీ కాదు. థామస్ మన్రో 1822లో కోరిన విద్యాస్థితి వివరాలకు సమాధానంగా బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ఆ జిల్లాలో 533 బడులనూ 6,641 మంది విద్యార్థులనూ లెక్కించింది. పంతులు బతుకు ప్రధానంగా పిల్లల ఇళ్ళనుంచి వచ్చే సొమ్ము మీదే నడిచేది. ఆ లెక్కలో ఆడపిల్లలు వేళ్ళ మీద లెక్కించదగినంత మంది. అంటరానివారని వెలివేయబడిన కులాల పిల్లలకు చోటు లేదు. ఆళ్ళగడ్డకు దక్షిణాన ముత్యాలపాడు కేంద్రంగా 1850లలో మొదలై, తరువాత నంద్యాలకు విస్తరించిన ఎస్.పి.జి. క్రైస్తవ మిషను మాలపల్లెల పిల్లలకు అక్షరం అందించింది. అంటే ఈ ప్రాంతంలో అట్టడుగు పిల్లవానికి తలుపు తెరిచింది మార్కెట్టూ కాదు, రాజ్యమూ కాదు, మతధర్మం. పూర్వపు వీధిబడిని గ్రామస్వరాజ్య చిహ్నంగా కీర్తించేవారు గానీ, స్వేచ్ఛావిపణికి తార్కాణంగా చూపేవారు గానీ ఈ సంగతిని సాధారణంగా దాటవేస్తారు.

రాజ్యం బాధ్యత చట్టభాషలోకి ఎక్కడానికి ఇంకా ఎన్నో దశాబ్దాలు పట్టింది. పద్నాలుగేళ్ళ వరకు చదువు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 1993లో చెప్పిన ఉన్నికృష్ణన్ తీర్పులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. ఆ మరుసటి ఏడాది మొదటి రోజున ఇదే రాష్ట్రం జారీచేసిన జీవో 1 ప్రైవేటు పాఠశాలల రాబడిలో సగం ఉపాధ్యాయుల జీతాలకు పోవాలనీ, యాజమాన్యపు లాభం ఐదు శాతం మించరాదనీ నిర్దేశించింది. చదువులో లాభం పూర్తిగా నిషిద్ధం కాదు, కాని దానికి మర్యాద ఉండాలన్న భావన అందులో ఉంది. అమలు సంగతి అటుంచితే, ఈ భావనకు నైతిక స్పష్టత ఉంది. ఆ తరువాత వచ్చిన సంస్కరణల్లో లోపించినది ఆ స్పష్టతే.

2020 జనవరిలో ప్రారంభమైన అమ్మఒడి పథకం పిల్లలను చదివించే పేద తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు ప్రకటించింది. పిల్లవాడు చదివేది ప్రభుత్వ బడిలోనా, ప్రైవేటు బడిలోనా అన్న భేదం పాటించలేదు. 2021 ఆగస్టు 24న వెలువడిన జీవో 53 ప్రైవేటు పాఠశాలల ఫీజులకు గరిష్ఠ పరిమితి విధించింది. ప్రాథమిక స్థాయిలో అది గ్రామపంచాయతీలో 10,000, మున్సిపాలిటీలో 11,000, కార్పొరేషనులో 12,000. మున్సిపాలిటీలైన నంద్యాల, ఆళ్ళగడ్డలకు వర్తించేది 11,000. ఈ రెండు ఉత్తర్వులనూ పక్కపక్కన పెట్టి చదివినవారు తక్కువ. తల్లికి ప్రకటించిన సొమ్ము ప్రైవేటు ప్రాథమిక పాఠశాల ఫీజు కంటె ఎక్కువ! సరుకు ధరను నిర్ణయించినదీ, కొనుగోలుకు సొమ్ము సమకూర్చినదీ ఒకే చెయ్యి. ఆ చెయ్యే నాడు-నేడు పేరిట ప్రభుత్వ బడులను బాగుచేస్తూ, పిల్లలు తిరిగి రావాలని కోరుకుంటూ ఉండింది. హైకోర్టు ఆ డిసెంబరులో ఫీజుల ఉత్తర్వును కొట్టివేసింది. ధర కట్టు తెగిపోయింది, సొమ్ము మిగిలింది.

విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులలో పేదపిల్లలకు కేటాయించిన 25 శాతం సీట్ల కథ మరింత విచిత్రం. 2010లో అమల్లోకి వచ్చిన చట్టంలోని ఈ నిబంధన ఆంధ్రప్రదేశ్‌లో ఆచరణలోకి రావడానికి పుష్కరకాలం పట్టింది. చట్టం ప్రకారం ఆ పిల్లల ఖర్చును బడికి చెల్లించవలసినది ప్రభుత్వం. రాష్ట్రం మాత్రం పట్టణంలో 8,000, గ్రామంలో 6,500 అని ఫీజు నిర్ణయించి, దానిని తల్లి అమ్మఒడి సొమ్ములోనుంచి కట్టాలన్నది. లెక్కల్లో ఇది పెద్ద తేడా కాదనిపించవచ్చు. ఖజానా ఒకటే కదా. నైతికంగా తేడా చాలా పెద్దది. సొమ్ము రాజ్యం నుంచి బడికి చేరినప్పుడు ఆ పిల్లవాడు తన హక్కు చొప్పున కూర్చొన్నవాడు. తల్లి చేతిమీదుగా చేరినప్పుడు ఆలస్యమైతే సంజాయిషీ చెప్పుకోవలసినది తల్లి. బాకీపడ్డవారు తప్పుకొని, బాకీ రావలసిన మనిషిని కొనుగోలుదారుగా మార్చిన ప్రక్రియ ఇది.

ఆ మార్పు ఇంటిలోపలికీ పాకింది. అమ్మఒడి తల్లికి ఒక్కటే, పిల్లలెందరైనా సరే. ఇద్దరు పిల్లలున్న కూలి కుటుంబంలో ఒకరిని కాన్వెంటుకూ మరొకరిని బడికీ పంపవలసి వచ్చినప్పుడు ఎవరు ఎటు వెళ్తారో రాయలసీమ పల్లెల్లో వేరే చెప్పనక్కరలేదు. మగపిల్లవాడు బస్సెక్కుతాడు. ఆడపిల్ల నడిచిపోతుంది. రాజ్యం ఇద్దరికీ సమానంగా బాకీపడింది. ఆ బాకీని ఏకమొత్తంగా ఇంటికి ఇచ్చేసరికి, పంచే అధికారం ఇంటిలోని అసమానతల చేతికి పోయింది. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనం పథకం సొమ్మును చదువుకొనే ప్రతి బిడ్డకూ వర్తింపజేసింది. ఇంటిలోపలి అన్యాయానికి అది కొంత దిద్దుబాటే.

తప్పుకొన్నవారూ మిగిలినవారూ

మార్కెట్టు పక్షపు వాదాన్ని చులకన చేయడం సరికాదు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లో ప్రతిపాదించిన వోచరు పద్ధతిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో ప్రయోగించి చూశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ప్రకటించిన ఆ అధ్యయనం ప్రకారం వోచరుతో ప్రైవేటు బడికి వెళ్ళిన పిల్లలకూ, వెళ్ళనివారికీ తెలుగు, గణితాలలో తేడా కనబడలేదు. హిందీలో మాత్రం వెళ్ళినవారు ముందున్నారు. ప్రైవేటు బడి ఒక్కో పిల్లవాని మీద పెట్టే ఖర్చు ప్రభుత్వ ఖర్చులో మూడోవంతుకు లోపే. ఇరుపక్షాలూ తమకు అనుకూలమైన సగాన్ని పట్టుకొన్నాయి. తెలుగు శాఖలవారు గమనించవలసిన సంగతి వేరొకటి ఉంది. ప్రైవేటు బడులు తెలుగుకూ గణితానికీ తక్కువ సమయం కేటాయించి, మిగిల్చిన గంటలను ఇతర విషయాలకు మళ్ళించాయి. మార్కెట్టు దృష్టిలో ఇది సామర్థ్యం. తెలుగు అందులో పొదుపు చేయదగిన పద్దు.

తల్లిదండ్రుల నిర్ణయంలో వివేకం లేదనడానికీ వీల్లేదు. విద్యాహక్కు చట్టం అరవైమంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి నిర్దేశించినది ఇద్దరు ఉపాధ్యాయులను. తరగతులు మాత్రం ఐదు. అర్హతలో, జీతంలో తక్కువవారే అయినా తరగతికొక టీచరు నిలబడిన బడి తల్లి కంటికి నిజంగానే మెరుగ్గా కనబడుతుంది. తన బిడ్డకు అందే బడి కనీస స్థాయిలో లేనప్పుడు, ప్రైవేటు బడులే ఉండకూడదని నమ్మే తండ్రి కూడా బిడ్డను అక్కడికి పంపడం కపటం కానక్కరలేదని బ్రిటిష్ తత్త్వవేత్త ఆడమ్ స్విఫ్ట్ 2003లో వాదించాడు. వాదం న్యాయమైనదే. కాని ఆ కనీస స్థాయిని నిలబెట్టగల మనిషే బిడ్డను తీసుకొని వెళ్ళిపోతుంటే ఏమవుతుందన్న ప్రశ్న మిగులుతుంది.

దీనికి ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో చెప్పిన సమాధానం ఇప్పటికీ పదునుగానే ఉంది. సంస్థ దిగజారినప్పుడు మనుషులకు రెండు దారులు: తప్పుకోవడం, నోరువిప్పడం. నాణ్యతను గుర్తించి నిలదీయగలవారే అందరికంటె ముందు తప్పుకొంటారు గనుక, మిగిలినవారి గొంతు మరింత సన్నగిల్లుతుంది. రైతు, చిల్లర వ్యాపారి, చివరకు ఉపాధ్యాయుడు కూడా తమ బిడ్డలను నంద్యాలకు పంపాక, ఊరిబడిలో మధ్యాహ్న భోజనం బాగాలేదనో, ఖాళీ అయిన పోస్టు భర్తీ కాలేదనో మండల కార్యాలయానికి వెళ్ళి నిలదీసేదెవరు? ఒకరోజు పని మానితే ఆ రోజు కూలి పోయే తల్లి. ప్రభుత్వోద్యోగుల పిల్లలు ప్రభుత్వ ప్రాథమిక బడులలోనే చదవాలని అలహాబాదు హైకోర్టు 2015 ఆగస్టు 18న ఇచ్చిన తీర్పు ఈ గొంతును బలవంతంగా వెనక్కు రప్పించే ప్రయత్నమే. అది ఆచరణకు నోచుకోలేదు. ఉద్యోగి చేసిన ఎంపికకు బిడ్డను పూచీగా పట్టడం న్యాయమా అన్న ఆక్షేపణలో బలం లేకపోలేదు. అయినా రోగాన్ని సరిగ్గా గుర్తించిన తీర్పు అది.

తప్పుకొన్నవారి సంఖ్య తరువాత బడిమీద తీర్పుగా తిరిగివస్తుంది. 2022 జూన్ 10 నాటి జీవో 117 మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరులోపు ఉన్న ఉన్నత పాఠశాలలకు తరలించే పద్ధతికి రూపమిచ్చింది. 2025లో దానిని రద్దుచేసి, ఎక్కువమంది పిల్లలున్న చోట తరగతికొక ఉపాధ్యాయుడుండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ఏర్పరచారు. ప్రభుత్వం మారినా కొలబద్ద మారలేదు: పిల్లల సంఖ్య. అంగడికి గిరాకీ తగ్గితే మూసివేయడం సబబే. బడి విషయంలో గిరాకీ తగ్గడమంటే వెళ్ళగలిగినవారు వెళ్ళిపోవడం. మిగిలిన పన్నెండుమందో పదిహేనుమందో పిల్లలు వెళ్ళలేనివారు. జాన్ రాల్స్ 1971లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం ఏ అసమానతైనా అందరికంటె వెనుకబడినవానికి మేలు చేసినప్పుడే సమర్థనీయం. ఆ పదిహేనుమందే ఇక్కడ కొలబద్ద కావాలి. జరిగినది అందుకు విరుద్ధం. తమకంటె మెరుగైనవారి నిష్క్రమణకు జరిమానా వారు కట్టారు.

అమర్త్యసేన్ తన న్యాయచింతనలో సంస్థల సవ్యమైన ఏర్పాటును ‘నీతి’ అనీ, మనుషుల జీవితాల్లో వాస్తవంగా నెరవేరినదానిని ‘న్యాయం’ అనీ వేరుచేశాడు. తెలుగులో ‘నీతి’ శతకాల ద్వారా వ్యక్తి నడవడికగా స్థిరపడింది గనుక ఈ భేదం మనకు వెంటనే తోచదు. బహుశా అందుకే పాఠశాల విద్య మీద తెలుగులో సాగే చర్చ పదేపదే వ్యక్తుల నీతి దగ్గరే ఆగుతుంటుంది. ఫలానా మాస్టారి పిల్లలు ఎక్కడ చదువుతున్నారు, ఫలానా తల్లి ఆ సొమ్మును దేనికి ఖర్చుపెట్టింది. తల్లికి వందనంలో బిడ్డకు కేటాయించిన 15,000 రూపాయల్లో 13,000 తల్లి ఖాతాకు చేరుతుంది. బడుల నిర్వహణకు మినహాయించేది 2,000.