ఇరుసు బిగువు, చైను వదులు





మోపిదేవి నుంచి అవనిగడ్డకో, చల్లపల్లికో రోజూ బండి మీద తిరిగేవాళ్ళకి చైను సంగతి చెప్పనక్కర్లేదు. లూజైతే కొట్టుకుంటుంది, స్ప్రాకెట్ మీంచి జారిపోతుంది. మరీ బిగిస్తే బేరింగులు అరిగిపోతాయి. కింది చైనుని మధ్యలో వేలితో ఎత్తి చూస్తే చాలా బళ్ళకి 2 నుంచి 3 సెంటీమీటర్లు ఆడాలి.

పాదాలు పగిలి నెత్తురు కారేదాకా సాధన చేసిన సోణుడు విసిగి ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాడు. అతను వీణ తెలిసినవాడు. తీగ మరీ బిగిసినా, మరీ వదులైనా పలకదని అతని నోటితోనే చెప్పించారు తథాగతులు. ఇది అంగుత్తర నికాయంలో ఉంది.

ఇక మన ఇళ్ళు చూద్దాం. దీక్ష తీసుకున్న కొడుకు "ఇంకా ఆ గుడేంటి, ఆ పుట్టేంటి" అని తల్లి మీద కేకలేస్తాడు. ఆమె మొక్కింది చిన్నప్పుడు వాడికొచ్చిన జ్వరం తగ్గాలనే! ఇంకో ఇంట్లో ఏప్రిల్ 14న నీలి జెండా పడతారు, కూతురి పెళ్ళికి ముహూర్తం పెట్టిస్తారు. ఒకచోట బిగువెక్కువ, ఒకచోట వదులెక్కువ. మరి ఎంత ఉండాలి?

మెకానిక్ ఏం చేస్తాడో చూడండి. ముందు ఇరుసు నట్టు వదులు చేస్తాడు. అది వదలందే చక్రం జరగదు. అలాగని ఇరుసుని ఊడబెరకడు. మనమూ ఒక్క క్షణం ఆగి చూసుకోవాలి: ఈ ప్రతిజ్ఞని ధమ్మం కోసం పట్టుకున్నానా, కోపంతో పట్టుకున్నానా?

తర్వాత రెండు పక్కలా అడ్జస్టర్లు సమానంగా తిప్పుతాడు. ఒక్క పక్కే తిప్పితే చక్రం వంకరపోతుంది. 1957లో వెలువడిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ ప్రజ్ఞనీ కరుణనీ కలిపే చెప్పారు. ప్రజ్ఞ ఒక్కటే అయితే ఇంట్లో వాదన మిగులుతుంది. కరుణ ఒక్కటే అయితే పాత ఆచారమే మిగులుతుంది.

ఆపైన చక్రం తిప్పుతూ నాలుగుచోట్ల చూస్తాడు, ఎందుకంటే చైను అంతటా ఒకేలా సాగదు. మనం కూడా బుద్ధ పూర్ణిమ నాడే కాదు, పెళ్ళిలో, చావులో, జబ్బులో చూసుకోవాలి.

చివరికి నట్టుని గట్టిగా బిగిస్తాడు. సగం బిగిస్తే ప్రాణానికే ముప్పు. మధ్యేమార్గమంటే అన్నీ సగం సగం చేయడమని ఎవరన్నా అంటే నమ్మకండి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞలు మన ఇరుసు. అది కదలకూడదు. ఇంట్లోవాళ్ళతో మన ఓపిక చైను లాంటిది. దానికి ఆడే చోటుండాలి.

అమ్మ మొక్కు తీర్చుకుంటానంటే బండి మీద తీసుకెళ్ళి దింపండి. మీరు మాత్రం మొక్కకండి. తిరిగొచ్చేటప్పుడు ఆ జ్వరం ఏ మందుతో తగ్గిందో నెమ్మదిగా అడగండి.

భవతు సబ్బ మంగళం.