విజయానికి కర్త ఎవరు?

క్రీడాకారులకు దక్కే కీర్తి న్యాయంగా ఎవరికి చెందుతుందన్న ప్రశ్న పైకి లౌకికంగా తోచినా, కర్మకు కర్త ఎవరన్న వేదాంత చర్చలోనిదే. ఏ కార్యం సిద్ధించాలన్నా ఐదు కారణాలు కలిసిరావాలని భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం చెబుతుంది: అధిష్ఠానం, అంటే కార్యానికి ఆధారమైన శరీరం, కర్త, అంటే చేస్తున్నది తానేనని భావించే జీవుడు, కరణాలు, అంటే ఇంద్రియాలు, చేష్ట, అంటే బహువిధమైన ప్రయత్నం, చివరిది దైవం, అంటే మనిషి అధీనంలో లేనిది. వీటిని మరచి తానొక్కడే కర్తననుకునేవాడు ఉన్నదాన్ని ఉన్నట్టు చూడలేడని గీత నిర్ణయం.

ఈ విచారణకు కరణం మల్లీశ్వరి జీవితం చక్కగా సరిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగి, నీలంశెట్టి అప్పన్న వద్ద బరువులెత్తడం నేర్చి, 1994, 1995 సంవత్సరాల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచిన ఆమె, 2000 సెప్టెంబర్ 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో పోటీపడ్డారు. బరువును ఒకే ఊపున తలపైకి లేపే స్నాచ్‌లో 110 కిలోలు, ముందు భుజాలకు చేర్చి ఆపైన తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తారు. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు లొంగి ఉంటే స్వర్ణమే వచ్చేది, లొంగలేదు. మొత్తం 240 కిలోలతో కాంస్యం దక్కింది. స్వర్ణ, రజత విజేతలిద్దరూ ఎత్తింది 242.5 కిలోలే కాగా, శరీర బరువు తక్కువ కావడంతో చైనాకు చెందిన లిన్ వెయినింగ్ మొదటి స్థానంలో నిలిచారు. గీత చెప్పిన అధిష్ఠానమే అక్కడ అక్షరాలా తీర్పు చెప్పింది.

ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా ఆమెను దేశమంతా నెత్తిన పెట్టుకుంది. అది అన్ని విధాలా తగిన గౌరవమే. అయితే జనాదరణ ఐదు కారణాల్లో కర్తను మాత్రమే చూస్తుంది. ప్రోత్సహించిన తల్లి, ముందే ఆ బాట పట్టిన అక్క, పల్లెలోని వ్యాయామశాల, అంటే ఆమె అధీనంలో లేని దైవం పాలు, దాని కంటికి ఆనవు.

వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి విషయంలో జనం మరో దారి పట్టారు. గుండెలపై ఏనుగును నిలుపుకొన్న ఆయనను కలియుగ భీముడన్నారు. ఆ పిలుపు ఆయన బలాన్ని దైవానికి అప్పగించి, ఏళ్ల తరబడి చేసిన సాధనను, అంటే చేష్టను, మరుగుపరచింది. ఒకచోట దైవాన్ని, మరొకచోట చేష్టను విడిచిపెట్టడం ఒకే లోపానికి రెండు రూపాలు.

అలాగని కీర్తి హేయమైనదేమీ కాదు. గీత పదో అధ్యాయమే దాన్ని భగవంతుని విభూతుల్లో, అంటే ఆయన మహిమ ప్రకటమయ్యే రూపాల్లో, ఒకటిగా లెక్కించింది. అయితే అది గెలిచినవారొక్కరిదే కాదు. 1882లో జూడోను స్థాపించిన జపాన్ విద్యావేత్త కానో జిగోరో తానూ ఎదుటివాడూ కలిసి ఎదగడమే ఆ విద్య పరమార్థమన్నాడు. అక్కడ పోటీకి ముందూ తరువాతా ప్రత్యర్థికి వంగి నమస్కరించడం నియమం. ప్రత్యర్థి లేనిదే విజయమే లేదు కనుక, గెలుపులో అతనికీ భాగముందని ఆ నమస్కారం ఒప్పుకుంటుంది.

విభూతి అయిన కీర్తి ఒకరి సొంత ఆస్తి కాజాలదు. మల్లీశ్వరి పేరు తలచే ప్రతిచోటా అప్పన్న పేరునూ తలవాలి. ఆమె పతకాన్ని చూసి గర్వించే జిల్లా, పల్లెల్లోని వ్యాయామశాలలను కూడా అంతే అభిమానంతో పోషించాలి.