ఫలమొక్కటి, ప్రార్థనలు పెక్కు

ఒకే ఫలమును వందమంది కోరినపుడు దైవము ఎవరి మొఱ నాలకించును? ఈ ప్రశ్న వేదాంతగ్రంథములలో పండితులకై దాచియుంచిన సూక్ష్మచర్చ కాదు. ఆటలో ఆఱితేఱిన కుమారునో కుమార్తెనో ఒక మంచి కళాశాలలో చేర్పింపవలెనని బయలుదేరిన తల్లిదండ్రుల హృదయములలో, వారెఱిగినను ఎఱుగకున్నను, నిరంతరము మెదలుచుండునదే. మా తడ ప్రాంతమున దీనికొక ప్రత్యేకరూపము కలదు. పులికాటు సరస్సు ప్రక్కన, రాష్ట్రపు దక్షిణపుటంచున నున్న ఈ మండలము 2022 ఏప్రిలులో నెల్లూరు జిల్లానుండి విడివడి తిరుపతి జిల్లాలో చేరినది గాని, ఇచ్చటి తండ్రి బిడ్డ చదువును గూర్చి యోచించునపుడు అతని చూపు తిరుపతివైపునకు ఎంత పోవునో మద్రాసువైపునకును అంతయే పోవును. సూళ్లూరుపేటనుండి వచ్చు లోకల్ రైలు తడ దాటి ఆరంబాకము చేరునప్పటికే రాష్ట్రము మాఱిపోవును. కిట్ బ్యాగు భుజమున వేసికొన్న పిల్లవాడును, సర్టిఫికెట్ల ఫైలు ఒడిలో పెట్టుకొన్న తండ్రియు ఆ రైలులో నెదురెదురుగ కూర్చుండి పోవుచుందురు.

వారి ముందున్న దారులు రెండు. ఈవైపున ఈఏపీసెట్ కౌన్సెలింగులో క్రీడాకారులకు కేటాయించిన అర శాతము సీట్లు. అందు ఆటను ఎవరును చూడరు, కాగితములను చూతురు. అంతర్జాతీయ పోటీ, జాతీయ పోటీ, పాఠశాలల పోటీ యని అంతస్తులేర్పఱచి, ఏ సర్టిఫికెట్టు ఏ అంతస్తునకు చెందునో నిర్ణయింతురు. ఆవైపున, మద్రాసు కళాశాలలు స్పోర్ట్స్ కోటాకై జరుపు సెలక్షన్ ట్రయల్సు. అందు ఆటనే చూతురు, కాని కొలది నిమిషములే చూతురు. పైగా ఆ సంవత్సరము జట్టునకు ఎడమచేతి స్పిన్నరు కావలసియుండగా మనవాడు వికెట్ కీపరైనచో వాని ప్రతిభ ఎంతటిదైనను కోచ్ చూపు వానిపై నిలువదు. మద్రాసు ఐఐటీ 2024–25 నుండి ఒక్కొక్క కోర్సున క్రీడాకారులకై రెండేసి అదనపు సీట్లు ఏర్పఱచి, అందొకటి ఆడపిల్లలకే ఉంచినది. కాని జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ఉత్తీర్ణతయు, ఇటీవలి సంవత్సరములలో జాతీయస్థాయి పతకమును రెండును ఉన్నవారికే ఆ తలుపు. సముద్రముల కావలనున్న మన తెలుగు కుటుంబములకును ఈ బాధ తప్పలేదు. అమెరికా విశ్వవిద్యాలయముల ప్రథమశ్రేణి బేస్‌బాల్ జట్టొక్కదానికి చిరకాలము 11.7 స్కాలర్‌షిప్పులు మాత్రమే యుండగా, వానిని ముక్కలు చేసి 27 మందివఱకు పంచుకొనెడివారు. ఇటీవల ఆ లెక్కను తీసివేసి, జట్టున 34 మందికి మించరాదను హద్దు పెట్టిరి. ఎచ్చట చూచినను ఫలము కొంచెము, ఆశించువారు పెక్కుమంది.

తడవారు ప్రయాణమునకు ముందు సూళ్లూరుపేటలో కాళంగి నది ఒడ్డున వెలసిన చెంగాళమ్మ తల్లిని దర్శించుకొనుట వాడుక. శ్రీహరికోటనుండి రాకెట్టు నెగురవేయుటకు ముందు శాస్త్రజ్ఞులును ఈ తల్లికి పూజ చేయుదురు. అయితే రాకెట్టు కొఱకైన ప్రార్థనకును బిడ్డ ఎంపిక కొఱకైన ప్రార్థనకును నడుమ ఒక భేదము నాకు కనబడుచున్నది. రాకెట్టు కక్ష్యను చేరినందువలన నష్టపోవువారెవరును లేరు. ఒక్క స్థానమునకు నూఱుగురు పిల్లలు పోటీపడుచోట, నా బిడ్డనే ఎన్నుకొనునట్లు చేయుమనుట తక్కిన తొంబదితొమ్మండుగురి తల్లుల కోరికలను త్రోసిపుచ్చుమనుటయే కదా!

దీనికి మనవారు సాధారణముగ చెప్పు సమాధానము, పూర్వకర్మము పండినవానికే ఫలము దక్కునని. గెలిచినవాని ఇంట ఈ మాట తీయగనే యుండును. ఓడిన బిడ్డ తల్లితో ఈ మాట పలుకుట క్రూరత్వము, ఆ బిడ్డ ఎన్నడో చేసిన, తానెఱుగని తప్పును వానిపై మోపుటయే యగును. మఱికొందఱు కోరికయే కూడదందురు. నేనట్లనలేను. ఆర్తుని, అర్థార్థిని కూడ తన భక్తులలో చేర్చి, వారందఱును ఉదారులేయని భగవద్గీత అంగీకరించియుండగా, కన్నతల్లి కొంగుచాచి అడుగుటను నిషేధించుటకు మనమెవరము? అడుగుట దోషము కాదు. అడుగు వస్తువును మార్చుకొనవలెను. నా బిడ్డలో నున్న శక్తి ఆనాడు అడ్డులేక వెలికివచ్చుగాక, చూచువాని కన్ను పక్షపాతము లేక చూచుగాక అని వేడినచో, అదే ప్రార్థనను నూఱుగురు తల్లులు ఒకే గుడిలో, ఒకే నాడు చేసినను ఒకరి మొఱ మఱియొకరి మొఱకు అడ్డు తగులదు. రాత్రింబవళ్లు గుడి తలుపులు మూయని సంప్రదాయముగల చెంగాళమ్మ యొద్ద, ఒకని రానిచ్చి వేఱొకని వెలుపల నిలుపుమని వేడుట నాకు సమంజసముగ తోపదు.

తండ్రి విషయము ఇంకను చిక్కైనది. కర్మము చేయుము, ఫలమును విడువుమని అతనికి ఊరట చెప్పుట సులభమే. కాని ఇచ్చట కర్మమును అతనిది కాదు, ఫలమును అతనిది కాదు, ఆసక్తి మాత్రము సంపూర్ణముగ అతనిదే. గీత పదునెనిమిదవ అధ్యాయమున ప్రతి కార్యమునకును ఐదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణములు, చేష్టలు, దైవము. దేహము పిల్లవానిది, ఆడువాడు వాడు, తెల్లవాఱుజామున మైదానమున చేయు అభ్యాసము వానిది, ఆ సంవత్సరము కోచ్‌కు కావలసినదేమో, ట్రయల్సునాడు మడమ బెణుకునో లేదో, అది దైవము. తండ్రికి మిగిలినచోటు కరణములలో ఒకటి మాత్రమే. బూట్లు కొనియిచ్చుట, రైలుటిక్కెట్టు తీయుట, నాలుగు గంటలకు లేపుట, ఇవన్నియు కరణములే, గొప్పవే. కాని కరణము తానే కర్తనని భ్రమించినపుడే మైదానపు గట్టుమీదనుండి కేకలు బయలుదేరును. ఫలము తల్లిదండ్రుల చేతిలో లేదనుటకొక నిదర్శనము: భారతీయ సంతతికి చెందిన తల్లికి పుట్టి, వాండర్బిల్ట్ విశ్వవిద్యాలయపు బేస్‌బాల్ జట్టున 2019లో గొప్ప కీర్తి గడించిన కుమార్ రాకర్‌ను 2021లో న్యూయార్క్ మెట్స్ అను వృత్తి జట్టువారు డ్రాఫ్టు ఎంపికలో పదవ స్థానమున ఎన్నుకొనియు, వైద్యపరీక్షల పిమ్మట ఒప్పందము చేసికొనక విడిచిరి. మఱుసటి యేడు టెక్సాస్ రేంజర్స్ వారు మూడవ స్థానముననే తీసికొనిరి. ఆ ఒక్క సంవత్సరములో ఏ తల్లి, ఏ తండ్రి ఏమి చేసి ఆ ఫలమును నిలుపగలిగెడివారు?

బిడ్డను ఒక సంస్థకు అప్పగించుట అనునది దానమే. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు సర్వస్వమును దానమిచ్చు యజ్ఞము చేయుచు వట్టిపోయిన గోవులను ఇచ్చుచుండగా, నన్నెవరికిత్తువని నచికేతుడు ముమ్మాఱు అడుగుట, విసిగిన తండ్రి మృత్యువునకిత్తుననుట మనమెఱిగినదే. ఆ ప్రశ్న నేటి ప్రతి పిల్లవాడును లోలోపల అడుగుచున్నాడని నా నమ్మకము. నన్ను ఈ కళాశాలకిచ్చుట నాకొఱకా, నీ పేరుకొఱకా? అట్లు త్రోసివేయబడిన నచికేతుడే యముని వాకిట మూడు రాత్రులు నిరాహారుడై నిలిచి, మొదటి వరముగ తండ్రి మనసు కుదుటపడవలెనని కోరెను. పిల్లలు తండ్రుల ఆందోళనను మోయుట నాటినుండియు కలదు. మనకు సమీపకాలమున, 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన వాలీబాల్ జట్టులోని పి.వి.రమణ, తానును భార్యయు వాలీబాల్ ఆడినవారే యైయుండియు, కుమార్తె సింధు బ్యాడ్మింటన్ రాకెట్టు పట్టినపుడు తమ ఆటను ఆమెకు అంటగట్టక, సికింద్రాబాదునుండి గచ్చిబౌలికి ఆమె చేసిన నిత్యప్రయాణమునకు తోడుగ నిలిచెను. 2016 రియో ఒలింపిక్స్ రజతమునకంటె ముందే ఆ త్యాగము జరిగిపోయినది.

దీనికి విరుద్ధమైనదొకటి నన్ను మిక్కిలి బాధించుచున్నది. అది వయసును తగ్గించి చూపు పత్రము. పదునాఱేండ్లలోపు క్రికెట్టు ఆటగాండ్ర మణికట్టును ఎక్స్‌రే తీయించి ఎముకల పెరుగుదలనుబట్టి వయసు తేల్చవలసిన స్థితికి మన క్రికెట్ బోర్డు వచ్చినదన్న, ఎందఱు తండ్రులు ఎన్ని అసత్యములు వ్రాయించియుందురో ఊహింపవచ్చును. మోసపోయినది బోర్డు కాదు. తనకంటె రెండేండ్లు చిన్నవాని స్థానమును తాను తీసికొంటినని తెలిసిన పిల్లవాడు, ఆ రహస్యమును దాచుట తండ్రియొద్దనే నేర్చుకొన్నాడు. ఆ పత్రము జేబులో పెట్టుకొని గుడిలో నిలిచినవానికి ఏ ప్రార్థన నోట వచ్చును?

ఎంపిక కానివారు మా ఊళ్లలో ఎక్కువమందియే. కొందఱు దగ్గఱి డిగ్రీ కళాశాలలో చేరుదురు, కొందఱు శ్రీసిటీ కర్మాగారములలో షిఫ్టులకు పోవుదురు. ఆదివారము వచ్చెనా, వారే మరల మైదానమున కనబడుదురు. మద్రాసువఱకు వెంటవచ్చిన తండ్రి ఆ ఆటకు మాత్రము రాడు. ఫలముతో ఆటయు ముగిసినదని అతనికి తోచినది, కుమారునికి తోచలేదు. ఇట్టి ఇండ్లలో ఒక ధర్మసందేహము పుట్టుచుండును: ఎంపిక జరుగలేదు గావున చెంగాళమ్మకు మ్రొక్కిన మ్రొక్కు చెల్లింపనవసరము లేదు గదా యని. నా అభిప్రాయమున, ఆనాడు బిడ్డ తనలో నున్నదంతయు ఆడి చూపి వచ్చియుండినచో ఆ మ్రొక్కు తీర్చవలసినదే; వీలైనచో వానిని కూడ వెంటబెట్టుకొని పోయి తీర్చవలెను.