శంఖచక్రముల తారుమారు

దేవుడు శుభ్రమైన యింటికే వచ్చుననియు, వాకిలి యూడ్చి కలాపి చల్లి ముగ్గు పెట్టిన గడపనే లక్ష్మి తొక్కుననియు మన పెద్దలు చెప్పుచుందురు. ఈ మాటను నేను త్రోసివేయను. కాని మిరపకోతల కాలమున కల్లూరు ప్రాంతములో ఏ రైతు యింటనైనను అడుగుపెట్టి చూచినచో ఈ సిద్ధాంతము కొంత యిరుకున పడక తప్పదు. సాగరు కాలువ క్రింది మిరప కల్లము నిండ ఎఱ్ఱగా పరచుకొని యుండును. తాలుకాయ లేరు స్త్రీలు తుమ్ములకు విరామము లేక ముక్కునకు కొంగు చుట్టుకొని కూర్చుందురు. మబ్బు కనబడినంతనే పట్టాలకై పరువెత్తువా రొకరు, బస్తాలకై పరువెత్తువా రొకరు. ధర కొఱకు ఆపియుంచిన పత్తి వసారానుండి నడిమింటిలోనికి ప్రాకి, దేవుని గూటి తలుపునకు అడ్డముగా నిలిచియుండును. ముగ్గునకు చోటే యుండదు. అయినను సంవత్సర మంతటిలో లక్ష్మి ఆ యింటికి నిజముగా వచ్చినచో ఆ దినములలోనే వచ్చును.

కలిమి చెల్లాచెదరునందే పుట్టునను ఈ విషయమును మన దర్శనములలో నిర్భయముగా చెప్పినవారు సాంఖ్యులు. సత్త్వరజస్తమస్సులు మూడును సరితూకముగా నిలిచిన స్థితిని వారు మూలప్రకృతి యనిరి. ఆ స్థితిలో ఏ లోపమును లేదు. కాని చిగురును లేదు, అలయును లేదు, పలుకును లేదు. దానికే ప్రళయమని పేరు. పురుషసాన్నిధ్యమున ఆ తూకము చెడి, ఒక గుణము తక్కిన రెండింటిని అణచుకొని పైకి వచ్చినపుడు గాని మహత్తును, అహంకారమును, ఇంద్రియములును, పంచభూతములును వెలువడుటకు వీలు కలుగలేదు. వేదము ఋతమును కీర్తించినమాట నిజమే; ఉషస్సు వేళ తప్పక వచ్చుట ఋతమే. అయితే ఆ నియమము చరించు వస్తువుల గమనమునందున్నది గాని, కదలిక యుడిగిన వస్తువుల పొందికయందు లేదు. ఈ భేదమును మఱచినవారు గదిని సర్దుటతోనే జీవితమును వెళ్లబుచ్చుదురు.

శాస్త్రము రుచింపనివారు భద్రాచలమునకు పోయి మూలవిరాట్టును చూడవచ్చును. రాముడు ద్విభుజుడు గదా, ఇక్కడ చతుర్భుజుడు. విష్ణుమూర్తి పైచేతులలో చక్రము కుడివైపునను, శంఖ మెడమవైపునను ఉండుట వాడుక. ఇక్కడ శంఖము కుడిచేతికి, చక్ర మెడమచేతికి మాఱినవి. క్రింది చేతులలో ధనుర్బాణములు, ఎడమ తొడపై సీత. మేరుపుత్రుడైన భద్రుని తపస్సునకు కరగి, అవతారము ముగిసిన పిమ్మట పరమపదమునుండి బయలుదేరిన స్వామి, ఆ తొందరలో రామరూపమునకు రెండు చేతులే యనుమాటను మఱచెననియు, ఆయుధములను ఏ చేతికి అందినవానిని ఆ చేత పట్టుకొని వచ్చెననియు స్థలపురాణము. ఆగమము తెలిసిన శిల్పికి ఇది దోషముగా తోచవచ్చును. భక్తుడు దీనిని వాత్సల్యమునకు సాక్ష్యముగా గ్రహించెను. సర్వము సర్దుకొని వచ్చు దైవముకంటె తడబడుచు వచ్చిన దైవము మనకు దగ్గఱ. ఆ మూర్తులను అడవిలో కనుగొని మొదట పందిరి వేసిన పోకల దమ్మక్క తాటిపండు నివేదించెనని చెప్పుదురు. చేతులకు, గడ్డమునకు పీచును రసమును పూయక తాటిపండును తినగలవా డెవ్వడు?

ఇక కంచెర్ల గోపన్న. నేలకొండపల్లి వాడు, పాల్వంచ పరగణాకు తహసీలుదారు; 1672లో గోలకొండ గద్దె నెక్కిన అబుల్ హసన్ తానీషా పాలనలో సర్కారు పైకమును స్వామి ఆలయమునకు వెచ్చించి చెఱసాల పాలయ్యెను. ప్రజలనుండి వసూలైన ధనమును అనుమతి లేక వ్యయించిన ఉద్యోగిని నిలదీయుట పాలకుని ధర్మమే యని నా అభిప్రాయము. భక్తుని గొప్పతనమును చెప్పుటకు సుల్తానును రాక్షసుని చేయ నవసరము లేదు. లెక్కలు కలసిపోయినవి, దానికి మూల్యము గోపన్నయే చెల్లించెను, పన్నెండేండ్ల చెఱ యని జనశ్రుతి. ఆశ్చర్యమేమనగా, చెఱలో పుట్టినవని ప్రసిద్ధిగల కీర్తనలలోను ఆ కలగాపులగమే యున్నది. ఇక్ష్వాకుకులతిలకుని సంబోధించిన కీర్తనలో ఏ నగకు ఎంత యైనదో తహసీలుదారు వలె పద్దు వ్రాయును, ఎవరబ్బ సొమ్మని కులుకుచు తిరిగెదవని కలహించును, దెబ్బల కోర్వలేక తిట్టితినని అంతలోనే బుజ్జగించును. స్తుతికి స్తుతి, నిందకు నింద వేఱు చేసి యిచ్చు లాక్షణికుని చేతిలో పడినచో ఆ పాట బ్రతికెడిది కాదు. హృదయములో అవి వేఱుగా నుండవు గనుకనే వినువానికి కన్నీరు వచ్చును.

రచనయందు పొందిక చివర కుదురును. మొదటనే దానిని కోరువారికి మిగులునది తోట, అడవి కాదు. కల్లూరునుండి సత్తుపల్లి మీదుగా అశ్వారావుపేట దిక్కునకు పోవువారు జామాయిలు తోటలను చూచియే యుందురు: ఎంపిక చేసిన ఒక్క చెట్టు కొమ్మలనుండి పెంచిన మొక్కలు, ఒకే లావు, ఒకే ఎత్తు, ఒకే వయస్సు, సారపాక కాగితపు మిల్లుకు సిద్ధముగా. ఈ వ్యాసము వ్రాసిన కాగితమును ఆ తోటల ఋణమే కావచ్చును. కనుక నేను వానిని నిందింపను. కాని ఇప్పపువ్వు ఏరుకొను కోయస్త్రీ గంప చేతబట్టి ఆ వరుసలలోనికి పోదు. ఆమె పోవునది టేకు, మద్ది, తునికి, ఇప్ప, పేరు తెలియని తీగెలు ఒకదానిపై నొకటి పడి పెరిగిన చోటికి.

నేను బద్ధకమునకు వకాల్తా పుచ్చుకొనుట లేదు. అంట్లు తోమకుండుట వైరాగ్యము కాదు, అక్షరదోషము ప్రతిభ కాదు. మిరపకల్లములోని చెల్లాచెదరు పనివలన పుట్టినది. సోమరి యింటి చెల్లాచెదరు పని లేమివలన పుట్టినది. రెండింటి యాకృతి యొకటే యైనను జాతి వేఱు. బల్ల సర్దుకొన్న పిమ్మట వ్రాయుదమనియు, పిల్లలు ఎదిగిన పిమ్మట జపమునకు కూర్చుందమనియు ఏండ్లుగా వాయిదా వేయుచున్న చదువరీ, ఈ సాయంకాలమే ఆరంభింపుము. బల్ల సంగతి రేపు చూచుకొనవచ్చును.