వెనుకబడినవారి భాగము

చదువవలసిన వాక్యభాగము: 1 సమూయేలు 30:1–25



అపొస్తలుడైన పౌలు క్రైస్తవ జీవితమును పరుగుపందెముతో పోల్చి పలుమారులు వ్రాసియున్నాడు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయములోను, ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయములోను ఈ పోలిక కనబడును. కొరింథు పట్టణమునకు సమీపముననే ఆ దినములలో గొప్ప ఆటల పోటీలు జరుగుచుండెను గనుక అక్కడి విశ్వాసులకు ఆ మాట వెంటనే బోధపడియుండును. అయితే ఈ పోలికను చదివినప్పుడెల్ల మాకొక సందేహము కలుగుచుండెను. పరుగెత్తువాడు గురివైపే చూడవలెను గదా! మరి ప్రక్కవాడు పడిపోయినయెడల అతడేమి చేయవలెను?

1956 మార్చి 10వ తేదీన ఆస్ట్రేలియా దేశమందలి మెల్‌బోర్న్ పట్టణములో మైలు పరుగునకు ఆ దేశపు జాతీయ పోటీ జరిగెను. జాన్ లాండీ అనునతడు అందులో పాల్గొనెను. మైలు దూరమును నాలుగు నిమిషములలోపల పరుగెత్తినవారిలో అతడు రెండవవాడు. 1954లో ఫిన్లాండు దేశములో ఆ ఘనతను పొందెను. మెల్‌బోర్న్ పందెపు మూడవ చుట్టులో అతని ముందు పరుగెత్తుచున్న రాన్ క్లార్క్ అను పందొమ్మిదేండ్ల యువకుడు కాలు తగులుకొని పడిపోయెను. లాండీ అతని మీదుగా దూకెను గాని అతని బూటు మేకులు క్లార్క్ చేతికి గీసికొనెను. అప్పుడు లాండీ ఆగెను. వెనుకకు తిరిగి, పడినవానియొద్దకు వచ్చి, క్షేమముగా ఉన్నాడా లేదా అని చూచెను. ఈలోగా తక్కినవారు చాల ముందునకు పోయిరి. క్లార్క్ లేచిన తరువాత లాండీ మరల పరుగెత్తి, వారినందరిని దాటి, 4 నిమిషముల 4.2 సెకండ్లలో పందెము గెలిచెను.

ఈ సంగతి విన్నవారెవరైనను సంతోషింతురు. కాని ఇందులో ఒక చిక్కున్నది. అతడు ఆగెను, అయినను గెలిచెను. దయ చూపినవానికి నష్టమేమియు లేదని మనము తేలికగా చెప్పుకొని లేచిపోవచ్చును. నష్టపోయినవారి మాట ఏమి?

2016 ఆగస్టులో బ్రెజిలు దేశమందలి రియో పట్టణములో ఒలింపిక్ పోటీలు జరిగెను. స్త్రీల 5,000 మీటర్ల పరుగు అర్హతపందెములో న్యూజిలాండునకు చెందిన నిక్కీ హాంబ్లిన్ పడిపోగా, ఆమె వెనుక వచ్చుచున్న అమెరికా యువతి ఆబీ డి అగొస్టినో కూడ పడెను. ముందుగా లేచినది ఆబీ. ఆమె పరుగెత్తిపోక, క్రిందపడియున్న హాంబ్లిన్‌ను లెమ్మని ధైర్యము చెప్పి లేవనెత్తెను. కొంతదూరము పోగానే ఆబీకి మోకాలు నిలువక కూలిపోయెను. ఈసారి హాంబ్లిన్ ఆమెకొరకు ఆగెను. ఇద్దరును చివరివరకు వచ్చిరి. అధికారులు ఇద్దరికిని తుదిపందెములో చోటిచ్చిరి గాని, మోకాటి కీలులోని బంధము తెగినందున ఆబీ ఆ పందెమున పరుగెత్తలేకపోయెను. ఆమె తన విశ్వాసమును దాచుకొనని క్రైస్తవురాలు. ఆగిన ఆమెకు పతకము రాలేదు, పరుగే దక్కలేదు.

ఇట్టివారిని చూచి చప్పట్లు కొట్టుట సులువు. మన కూలిలోనుండి, మన గింజలలోనుండి తగ్గునప్పుడు ఏమి చేయుదుము? ఈ ప్రశ్న మా గట్టు మీదికే వచ్చిన సంగతిని దాచక చెప్పుచున్నాము.

రెండు సంవత్సరముల క్రిందట సార్వా నాట్ల కాలమున మా కొద్దిపాటి పొలమునకు పదునలుగురు స్త్రీల ముఠా వచ్చెను. ఎకరమునకు ఇంతయని గుత్త. వచ్చిన సొమ్మును తలకు సమముగా పంచుకొందురు. వారిలో ఒకామె వృద్ధ విధవరాలు, మన సంఘస్థురాలే. చిన్ననాటినుండి నాట్లు వేసిన చేతులు ఆమెవి. ఇప్పుడు మోకాళ్లు మాట వినవు. అందరి మునుములు ముగిసినను ఆమె మునుము మాత్రము వెలితిగా మిగులుచుండెను. ప్రక్కవారు వచ్చి దానిని పూడ్చుచుండిరి. మూడవనాడు ముఠాకు పెద్దయైన స్త్రీ మాయొద్దకు వచ్చి, “అయ్యగారండీ, మామ్మ మంచిదేనండి. మాకూ బాధగానే ఉంది. కానీ ఆవిడ నాటేది సగం, పంచుకునేది సమానం. మాకూ పిల్లలున్నారు కదండీ. మీరే ఒక మాట చెప్పండి” అనెను.

“అది మీ ముఠా సంగతమ్మా, మీరే చూసుకోండి” అంటిమి.

మరునాడు పదుమూడుగురే వచ్చిరి. నాట్లు వేళకు ముగిసెను. ఒప్పుకొన్న సొమ్ము ఒక్క రూపాయి తగ్గింపక ఇచ్చితిమి. ఎవరికిని అన్యాయము చేయలేదనుకొంటిమి. ఆదివారమున ఆ తల్లి ఎప్పటివలెనే తన చోట చాపమీద కూర్చుండెను. కానుకపళ్లెము వచ్చినప్పుడు కొంగుముడి విప్పి, తన కానుక వేసెను. మాకు తల యెత్త బుద్ధి పుట్టలేదు.

ఆ వారములోనే 1 సమూయేలు 30వ అధ్యాయమును మరల చదివితిమి. అమాలేకీయులు సిక్లగును కాల్చి, స్త్రీలను పిల్లలను చెరపట్టుకొని పోయిరి. దావీదును అతని మనుష్యులును ఏడ్చుటకు శక్తి లేకపోవువరకు ఏడ్చిరి. తరువాత ఆరువందలమంది శత్రువులను తరుముచు పోయిరి. బెసోరు వాగునొద్ద రెండువందలమంది మిక్కిలి అలసి, వాగు దాటలేక నిలిచిపోయిరి. నాలుగువందలమంది సాగిపోయి, పోయినదంతయు తిరిగి సంపాదించిరి. మరలి వచ్చునప్పుడు వారిలో కొందరు, వెంటరానివారికి భార్యాపిల్లలను తప్ప దోపుడుసొమ్ములో ఏమియు ఇయ్యరాదనిరి. దావీదు దానికి ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవారికిని సామాను కాచినవారికిని సమభాగమే యని తీర్పు చెప్పి, ఆనాటినుండి దానిని కట్టడగా నియమించెను.

ఈ చరిత్రలో మూడు సంగతులు మా మనస్సును పొడిచినవి.

మొదటిది: నిలిచిపోయినవారు సోమరులు కారు. అందరితోపాటు వారును ఏడ్చిరి, అందరితోపాటు నడిచిరి. శరీరములు ఒక్కటి కావు గనుక కొందరు ముందుగా అలసిరి. దావీదు వారియొద్దకు వచ్చినప్పుడు మొదట వారి కుశలమడిగెను (21వ వచనము). లెక్క తరువాత, పలకరింపు ముందు. మేమైతే లెక్క కూడ చూడక తప్పించుకొంటిమి.

రెండవది: గెలిచినవారు అది తమ బలమువలన వచ్చినదనుకొనిరి. దావీదు అది దేవుడిచ్చినదనెను (23వ వచనము). ముప్పది యేండ్ల వయస్సులో నడుము వంచి వడిగా నాటగలుగుట ఎవరు కొనుక్కొన్నది? ఆ మోకాళ్లకు కొన్ని సంవత్సరముల తరువాత ఏమగునో అందరికిని తెలియును. నేటి చురుకు చేయి రేపటి బెసోరు వాగునొద్ద నిలువవలసినదే.

మూడవది: దావీదు ఈ దయను ఒక్క దినపు జాలిగా విడిచిపెట్టలేదు, కట్టడగా చేసెను. పందెము నడుమ పడినవానికొరకు ఆగుట మంచిదే. కాని అది ఆగువాని హృదయమును బట్టి జరుగును. ఒకడాగును, పదిమంది ఆగరు. పని మొదలుకాకముందే నియమము ఏర్పడినయెడల బలహీనులు ఎవరి ముఖము చూచి బ్రతిమాలుకొననక్కరలేదు. పొలపు అంచులను పూర్తిగా కోయరాదనియు, పరిగె బీదలకు విడువవలెననియు లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడాజ్ఞాపించిన విధమిట్టిదే. ఆ భారము కోతకూలీల మీద పడలేదని గమనించుడి. అది పొలము గలవాని మీద పడినది.

ఇచ్చట మా తప్పు మాకు తేటపడెను. ముఠాలోని స్త్రీలను మేము నిందింపము. వారి అడుగుట న్యాయమే. ఒక బీదరాలి లోటును పదుమూడుగురు బీదలే పూడ్చవలెననుట ఏమి ధర్మము? ఆ లోటును మోయగలవారము మేము, తప్పుకొన్నవారమును మేమే. అదే అధ్యాయములో ఒక ఐగుప్తీయుడైన దాసుడు కనబడును. వాడు జబ్బుపడగా అమాలేకీయుడైన యజమానుడు మూడు దినముల క్రిందట వానిని పొలములో విడిచిపోయెను. ఆ యజమానుడు వానిని కొట్టినట్లు వ్రాయబడలేదు. ఊరక విడిచిపోయెను. మేము చేసినదియు అంతే. ఆ విడువబడినవానికి దావీదు మనుష్యులు రొట్టెయు నీళ్లును అంజూరపుముక్కయు ద్రాక్షగెలలును ఇచ్చి బ్రదికించిరి. వాడే వారికి దారి చూపెను.

ఇది మా యొక్క పొలపు సంగతి మాత్రమే కాదు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలైనప్పుడు పట్టణములలో పని నిలిచి, లక్షలాది కూలీలు మూటలెత్తుకొని స్వగ్రామములకు నడక సాగించిరి. మే 8వ తేదీ తెల్లవారుజామున మహారాష్ట్రములో, అప్పటి ఔరంగాబాదు జిల్లాయందు, జాల్నానుండి నడిచివచ్చిన ఉక్కు కర్మాగారపు కూలీలు అలసి రైలుపట్టాల మీదనే నిద్రపోయిరి. గూడ్సుబండి వచ్చి పదునారుగురు చనిపోయిరి. పని ఉన్నంతకాలము వారి చేతులను లెక్కపెట్టిన లోకము, పని ఆగగానే వారిని లెక్కలోనుండి తీసివేసెను. అలసినవారలారా, ఇచ్చట నిలువుడి, మీ భాగము మీకు వచ్చునని చెప్పిన దావీదు వారికెవడును కనబడలేదు.

అటు తరువాత మేమేమి చేసితిమని మీరడుగవచ్చును. దాళ్వా నాట్లకు ముందు ఆ తల్లి యింటికి పోయి క్షమాపణ వేడుకొంటిమి. ఆమె, “పోనీలెండి అయ్యగారూ, మోకాళ్లు నావేగా” అనెను. పిమ్మట ముఠావారితో కూర్చుండి మాటలాడితిమి. గట్టు మీద సామాను ఉండును, అన్నపు క్యారియర్లుండును, నీళ్లబిందె ఉండును, చంటిబిడ్డలుందురు. వీటిని కనిపెట్టుట ఆమె పని. ఆమె భాగమును గుత్తసొమ్ములోనుండి కాక మేము వేరుగా ఇయ్యవలెను. తల్లులు బిడ్డల దిగులు లేక నాటిరి. అయినను అందరును సంతోషించిరని చెప్పజాలము. ఊరక కూర్చున్నదానికి సమభాగమేమిటని ఒకామె వేరు ముఠాకు పోయెను. మాకును ఆ సొమ్ము బరువుగానే తోచెను. కట్టడ అనునది బరువు లేకుండ ఉండదు. అదే మాట ప్రక్కపొలములవారితో చెప్పగా ఇద్దరు ఒప్పుకొనిరి, కొందరు నవ్విరి.

మన పిల్లలు సాయంకాలమున ఆడుకొను చెడుగుడు ఆటను తలంచుడి. ముట్టుపడినవాడు గీత బయటికి పోయి కూర్చుండును. వానిని చచ్చినవాడందురు. మరల లోపలికి వచ్చుటకు వాని బలము పనికిరాదు. తన పక్షమువాడు ఎదుటివారిని ముట్టి గెలిచినప్పుడే, వాడు బ్రదికెనని కేకలు వేయుచు లోపలికి పిలుతురు. ఒకని గెలుపు మరియొకనికి జీవమగును. ప్రియులారా, మనమందరము గీత బయట కూర్చున్నవారమే గదా! మన ప్రభువు ఒంటరిగా లోపలికి పోయి గెలిచినందువలన మనము లేపబడినవారము. ఆయన మన వడిని చూచి భాగమియ్యలేదు. అట్లు పొందిన మనము, మునుము వెనుకబడినదాని భాగమును కొలుచునప్పుడు ఏ కొలతతో కొలువవలెను?

కావున పొలము గలవారును, ముఠా పెద్దలును, మేస్త్రీలును, సంఘపెద్దలును వచ్చు నాట్లకు ముందే ఈ మాట యోచింపుడి. మీ పనిలో బెసోరు వాగునొద్ద నిలిచినవారెవరు? వారు చేయగలిగిన పని యేది? వారి భాగమును ఎవరు మోయవలెను? గట్టు మీద నిలువబడి, అది మీ సంగతియని చెప్పుట మాకు తేలికైన మాట. దానిని మరల చెప్పకుండునట్లు ప్రభువు మమ్మును కాయుగాక.

ప్రార్థన: ప్రభువా, మా చేతుల బలము నీదని మాకు జ్ఞాపకము చేయుము. అలసినవారిని విడిచి ముందునకు సాగిపోకుండ మా అడుగులను అదుపుచేయుము. మా గుత్తలలోను, మా కూలి లెక్కలలోను నీ కనికరమునకు చోటు దయచేయుము. ఆమేన్.